డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్: ఆగి ఆగి ఆడే ప్లేబ్యాక్ ఎంతవరకు దారికొస్తుంది?

బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ వారి వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో ఫోన్‌తో తీసిన 4కె క్లిప్ వేసి స్పేస్‌బార్ నొక్కితే, మామూలు ల్యాప్‌టాప్‌లో బొమ్మ తడబడటం ఖాయం. చాలామంది అక్కడే కంప్యూటర్‌ను తిట్టుకుని ఊరుకుంటారు. నిజానికి లోపం ఎక్కడుందో పట్టుకునే సాధనమూ, దాన్ని సరిచేసే సాధనమూ ఉచిత వెర్షన్‌లోనే ఉన్నాయి. కాకపోతే మెనూల్లో తలోచోట పడేసి ఉంచారు.

ముందు వ్యూయర్ (బొమ్మ ఆడే కిటికీ) పైభాగం చూడండి. ప్లే అవుతున్నంతసేపు అక్కడ ఒక చుక్క, పక్కన సెకనుకు ఎన్ని ఫ్రేములో కనిపిస్తాయి. చుక్క ఎర్రబడిందంటే కంప్యూటర్ అందుకోలేకపోతోందని అర్థం. అప్పుడు షిఫ్ట్, డి కలిపి నొక్కండి. కలర్ గ్రేడ్‌లు (రంగుల సవరణలు), ఫ్యూజన్ పేజీలో చేసిన ఎఫెక్టులు తాత్కాలికంగా పక్కకు తప్పుకుంటాయి. ఇప్పుడు సాఫీగా ఆడితే బరువంతా ఎఫెక్టులది. అయినా ఆగుతుంటే తప్పు ఫైలుది. ఈ చిన్న పరీక్ష చేయకుండా సెట్టింగులు కెలకడం దండగ.

ఎక్కువసార్లు తేలేది ఫైలు తప్పే. ఫోన్లు వాడే హెచ్.264, హెచ్.265 ఫార్మాట్లలో చాలా ఫ్రేములు పూర్తి బొమ్మలు కావు, ముందువాటితో పోలిస్తే ఏం మారిందో అదే రాసి ఉంటుంది. ఒక్క ఫ్రేము చూపించాలన్నా వెనక్కి వెళ్లి పూర్తి ఫ్రేము నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. దీనికి విరుగుడు ప్రాక్సీ, అంటే ఎడిటింగ్ వరకు అసలు ఫైలు బదులు వాడుకునే తేలికపాటి నకలు. షిఫ్ట్, 9 నొక్కి ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో, మాస్టర్ సెట్టింగ్స్ కింద ప్రాక్సీ రిజల్యూషన్ ‘హాఫ్’, ఫార్మాట్ ‘డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ ఎల్‌బీ’ (ఇందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే) పెట్టండి. మ్యాక్‌లో ప్రోరెస్ ప్రాక్సీ. ఆపైన మీడియా పూల్‌లో (తెచ్చుకున్న క్లిప్‌లు ఉండే చోట) క్లిప్‌లన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి ‘జనరేట్ ప్రాక్సీ మీడియా’ అనండి. ఫార్మాట్ దగ్గర మళ్లీ హెచ్.264 పెట్టారో, సగం ప్రయోజనం పోయినట్టే. డిస్కులో చోటు చూసుకోండి: 1080పి, 24 ఫ్రేముల ఎల్‌బీ సెకనుకు 36 మెగాబిట్ల దాకా తింటుంది, అంటే గంటకు దాదాపు 16 జీబీ.

ప్లేబ్యాక్ మెనూలోని ‘టైమ్‌లైన్ ప్రాక్సీ రిజల్యూషన్’ పేరులో ప్రాక్సీ ఉంది గానీ ఇది ఆ ప్రాక్సీ కాదు. ఎఫెక్టులు లెక్కించే బొమ్మ సైజును మాత్రమే తగ్గిస్తుంది, ఫోన్ ఫైలును విప్పే పని అలాగే మిగులుతుంది. ఇంత అయోమయం పెట్టే పేరు ఎందుకు పెట్టారో!

ఎఫెక్టులే బరువైతే, వాటిని ముందే లెక్కకట్టి డిస్కులో దాచుకునే ‘రెండర్ క్యాష్’ను ప్లేబ్యాక్ మెనూలోనే ‘స్మార్ట్’లో పెట్టి చేతులు కాసేపు ఆపండి. టైమ్‌లైన్ మీది ఎర్ర గీత నీలంగా మారేకొద్దీ ఆ భాగం సాఫీగా ఆడుతుంది. గ్రేడ్ ముట్టుకుంటే మళ్లీ ఎరుపే, అందుకని కట్టింగ్ అయ్యాకే దీని జోలికి వెళ్లడం మేలు. క్యాష్ ఫోల్డర్ వేరే ఎస్‌ఎస్‌డీ మీద ఉంటే మంచిది. ‘డిలీట్ రెండర్ క్యాష్’ అప్పుడప్పుడూ వాడకపోతే డిస్కు నిండిపోతుంది.

రెండు గ్రాఫిక్స్ కార్డులున్న ల్యాప్‌టాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో ‘మెమరీ అండ్ జీపీయూ’ తెరిచి, పెద్ద కార్డే ఎంపికై ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

చుక్క పచ్చగానే ఉండి బొమ్మ మాత్రం కుదుపుతుంటే కథ వేరు. 30 ఫ్రేముల క్లిప్‌ను 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో వేస్తే ప్రతి ఆరింటిలో ఒక ఫ్రేము ఎగిరిపోతుంది. కెమెరా పక్కకు తిరిగేటప్పుడు ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎన్ని ప్రాక్సీలు చేసినా పోదు. టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటును క్లిప్‌లు వేయకముందే సరిచూసుకోవాలి, తర్వాత మార్చనివ్వదు. ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బొత్తిగా నచ్చని మొండితనం ఇదే. ఫోన్ రికార్డింగుల్లో ఫ్రేమ్ రేటు మధ్యలో మారుతూ ఉండటమూ మామూలే. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో అనే ప్రోగ్రాంలో ‘వేరియబుల్’ అని చూపిస్తే, ముందే వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచి మార్చి తెచ్చుకోండి. లేకుంటే మాట ఒకచోట, పెదాల కదలిక ఒకచోట అవుతుంది.

చివరి ఎక్స్‌పోర్ట్‌కు ముందు, వీడియో బయటికి తీసే డెలివర్ పేజీ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘యూజ్ ప్రాక్సీ మీడియా’ టిక్ తీసి ఉండాలి. అది ఉంటే పూర్తి సైజు వీడియోలోకి సగం సైజు బొమ్మ సాగదీసి వస్తుంది.