క్యారవాన్‌తో కూబర్ పీడీయా, బ్రోకెన్ హిల్లా?

జూలై స్కూలు సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, అడిలైడ్, మెల్బోర్న్ తెలుగువాళ్లు నన్ను అడిగేది ఇదే. "క్యారవాన్ అద్దెకి తీసుకున్నాం, అవుట్‌బ్యాక్‌లో, అంటే ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతంలో, గనుల ఊరు ఒకటి చూడాలి, ఎటు వెళ్లమంటారు?" అడిగేవాళ్లలో చాలామంది మనసు అప్పటికే కూబర్ పీడీ మీద ఉంటుంది. ఉండదా మరి! నేల కింద ఇళ్లు, నేల కింద చర్చిలు, ఊరి చుట్టూ ఓపల్ అనే రంగురంగుల రత్నం కోసం తవ్విపోసిన తెల్లటి మట్టి గుట్టలు. కానీ ఊరు చూసి రావడం వేరు, పిల్లలతో క్యారవాన్‌లో నాలుగు రోజులు కాపురం పెట్టడం వేరు.

దూరాల సంగతి తొందరగా చెప్పేస్తాను. అడిలైడ్ నుంచి కూబర్ పీడీ ఉత్తరాన సుమారు 850 కిలోమీటర్లు. బ్రోకెన్ హిల్ 500 పైచిలుకు. మెల్బోర్న్ వాళ్లకి మిల్డూరా మీదుగా బ్రోకెన్ హిల్ కూడా దాదాపు 850 పడుతుంది. అన్నీ తారు రోడ్లే. కూబర్ పీడీ దారిలో మాత్రం గ్లెండాంబో దాటాక 250 కిలోమీటర్లు ఇంధనం దొరకదు. క్యారవాన్ లాగుతున్నప్పుడు ఎదురుగాలి మొదలైతే డీజిల్ ముల్లు చూసి టెన్షన్ పడటం తప్పదు. గ్లెండాంబోలో ట్యాంకు నిండుగా కొట్టించుకోండి. ఎక్కడికి వెళ్లినా పొద్దుగూకాక బండి నడపొద్దు, కంగారూలు అడ్డం వస్తాయి.

ఇక నా లెక్కలో అసలు విషయం నీళ్లు. బ్రెడ్డు ముక్కలు తిని ప్రయాణించేవాళ్లకి ఇది పట్టకపోవచ్చు. మనం అలా కాదే. బియ్యం రెండుసార్లు కడగాలి, కుక్కర్ తోమాలి, పెరుగు గిన్నె జిడ్డు వదలాలి, తలస్నానాలు ఉంటాయి. మామూలు క్యారవాన్ ట్యాంకులో ఎనభై, వంద లీటర్లు పడితే గొప్ప.

కూబర్ పీడీలో వాన దాదాపు లేనట్టే. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలోని బోరు నుంచి ఉప్పునీళ్లు తోడి, ఆర్‌వో ప్లాంటులో శుద్ధి చేసి ఇస్తారు. అందుకే అక్కడ నీళ్లకి ధర ఉంటుంది. క్యారవాన్ సైటు దగ్గరే కుళాయి ఉంటుందన్న భరోసా లేదు, కొన్నిచోట్ల స్నానానికి కూడా నాణేలు వేయాలి. ట్యాంకు నింపుకోవడానికి డబ్బులు వేసి పట్టుకునే కుళాయి వేరే ఉంది. సైటు బుక్ చేసేముందు ఈ ముక్క ఫోన్ చేసి అడగండి.

బ్రోకెన్ హిల్‌కీ ఒకప్పుడు నీళ్ల కష్టాలు తక్కువేం కాదు. డార్లింగ్ నది, మెనిండీ చెరువులు ఎండినప్పుడల్లా ఊరంతా హడలిపోయేది. 2019 నుంచి వెంట్‌వర్త్ దగ్గర మర్రీ నది నీళ్లు 270 కిలోమీటర్ల పైపులైన్‌లో వస్తున్నాయి. సైటులో గొట్టం తగిలించుకుని ఇంట్లోలాగే వంట చేసుకోవచ్చు. పదిహేడు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు కాబట్టి సూపర్‌మార్కెట్లు, టైర్ల షాపులు, ఆసుపత్రి అన్నీ ఉన్నాయి.

కూబర్ పీడీతో ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆ ఊరి గొప్పంతా నేల కిందే. బయట వేసవిలో నలభై దాటినా, చలికాలం రాత్రి వణికించినా, లోపల ఇరవై మూడు, ఇరవై నాలుగు డిగ్రీలు. గోడల మీద సొరంగం తవ్విన యంత్రం పళ్లు గీసిన వంపులు వరసగా కనిపిస్తాయి. చేత్తో తడిమితే రాయి గరుకుగా, పొడిగా తగులుతుంది. మీరేమో క్యారవాన్ తెచ్చుకుని, చెట్టు నీడ దొరకని గులకరాళ్ల నేల మీద రేకు డబ్బాలో పడుకుంటారు! అందుకే కూబర్ పీడీకి వెళ్తే ఒక్క రాత్రి అయినా నేల కింద హోటల్లో గది తీసుకోమంటాను. సెర్బియన్ చర్చి, ఉమూనా మ్యూజియం, ముప్పై కిలోమీటర్ల అవతల బ్రేక్‌అవేస్ కొండలు తప్పకుండా చూడండి. ఓపల్ కొంటే అది మొత్తం ఒకటే రాయా, లేక పల్చటి ఓపల్ పొరని వేరే వాటితో రెండు, మూడు పొరలుగా అతికించిన డబ్లెట్టో ట్రిప్లెట్టోనా అని అడిగి కొనండి. ధరలో తేడా చాలా ఉంటుంది. తవ్విపోసిన మట్టిలో ఓపల్ ముక్కలు ఏరుకోవడానికి అందరికీ వదిలిన చోటు ఉంది, పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. వేరేచోట మాత్రం చెయ్యి వదలకండి. మూతలేని గుంతలు లెక్కలేనన్ని, వెనక్కి నడవొద్దని బోర్డులు ఊరికే పెట్టలేదు.

బ్రోకెన్ హిల్ అంత ఫొటోజెనిక్ కాదు, ఒప్పుకుంటాను. కానీ అది కథ ఉన్న ఊరు. 1883లో చార్ల్స్ రాస్ప్ అనే గొర్రెల ఫారం పనివాడు గుర్తించిన కొండ, 1885లో గనుల దిగ్గజం బీహెచ్‌పీ కంపెనీ పుట్టిన చోటు. వెండి, సీసం, జింకు. వీధుల పేర్లు క్లోరైడ్, సల్ఫైడ్, ఆర్జెంట్. ఊరి నడుమ గుట్ట మీద గని కార్మికుల స్మారకంలో ఎనిమిది వందలకు పైగా పేర్లున్నాయి. సింగరేణి వైపు నుంచి వచ్చినవాళ్లు అక్కడ కాసేపు ఆగిపోతారు. 1919-20లో ఏడాదిన్నర సమ్మె చేసి వారానికి 35 గంటల పని సాధించిన ఊరిది. ఒంటెలు తోలడానికి మన ఉపఖండం నుంచి, అఫ్గాన్ దేశం నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న చిన్న రేకుల మసీదు ఇప్పటికీ ఉంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మట్టిలో సీసం ధూళి ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకి తినేముందు చేతులు కడిగించాలి. అందుకైనా నీళ్లు కావాలిగా.

కాబట్టి క్యారవాన్, పిల్లలు, ఇంటి వంట అయితే బ్రోకెన్ హిల్. దేశం నడుమ ఉన్న పెద్ద ఎర్రరాతి కొండ ఉలూరు దాకా వెళ్తుంటే కూబర్ పీడీ ఎలాగూ దారిలోనే ఉంది, ఆగండి. దానికోసమే 850 వెళ్లి మళ్లీ 850 వెనక్కి రావాలంటే, క్యారవాన్ ఇంటి దగ్గరే వదిలి కారులో వెళ్లడం నయం.

మిగతావి: లైట్నింగ్ రిడ్జ్‌లో నల్ల ఓపల్, వేడినీళ్ల కొలను బాగుంటాయి, సిడ్నీ వాళ్లకి వీలు. వైట్ క్లిఫ్స్ చిన్న ఓపల్ ఊరు, బ్రోకెన్ హిల్ వెళ్లినవాళ్లు ఓపిక ఉంటే చూసి రావచ్చు. బంగారు గనుల ఊరు కాల్గూర్లీ పెర్త్ వాళ్లకే.

బ్రోకెన్ హిల్ న్యూ సౌత్ వేల్స్‌లోదే అయినా గడియారం సౌత్ ఆస్ట్రేలియాది, సిడ్నీ కన్నా అరగంట వెనక. గని టూర్లు బుక్ చేసుకునేవాళ్లు చూసుకోండి. అక్కణ్ణుంచి అడిలైడ్ వచ్చేటప్పుడు ఊడ్లా విరా చెక్‌పోస్టులో పండ్ల ఈగ రాకుండా పచ్చిమిరపకాయలు, టమాటాలు తీసేసుకుంటారు. ముందు రోజు రాత్రే పచ్చడి చేసేయండి, వండింది పట్టుకుపోరు.