సెలెస్టియన్ వింటేజ్ 30: కాయిల్ కాలిన గిటార్ యాంప్‌కు కొత్త స్పీకర్

గుంటూరులో మా చర్చి ఆరాధన పాటలకు నేను వాడే, స్పీకర్ కూడా లోపలే ఉండే 22 వాట్ల వాల్వ్ (వాక్యూమ్ ట్యూబ్) కాంబో యాంప్‌లోని 12 అంగుళాల స్పీకర్ క్రిస్మస్ సాధనల సమయంలో పాడైపోయింది. మొదట మంద్ర స్వరాల దగ్గర కాగితం రాసుకున్నట్టు గరగర వినిపించి, రెండు రోజులకు శబ్దమే ఆగిపోయింది. 8 ఓమ్‌ల స్పీకర్‌కు మల్టీమీటర్ పెడితే 6 నుంచి 7 ఓమ్‌ల వరకు చూపించాలి. దీనికి ఏ రీడింగూ రాకపోవడంతో వాయిస్ కాయిల్ (స్పీకర్ కోన్‌ను కదిలించే తీగచుట్ట) తెగిందని తేలింది. పాత స్పీకర్ 25 వాట్లది. యాంప్‌కు చెప్పే 22 వాట్లు శుభ్రమైన ధ్వనికి వేసిన లెక్క మాత్రమేననీ, ఓవర్‌డ్రైవ్‌లో (ధ్వని గరుకుగా చీలేంత పెంచినప్పుడు) వాల్వులు అంతకంటే చాలా ఎక్కువ శక్తిని పంపుతాయనీ కొనేవారు తప్పక గమనించాలి.

కాయిల్‌తో పాటు కోన్ మార్పించవచ్చు గాని, పీఏ (సభల మైకు సెట్టు) స్పీకర్ల కోన్ వేస్తే గిటార్ స్వరమే మారిపోతుంది. అందుకే సెలెస్టియన్ సంస్థ 60 వాట్ల స్పీకర్ వింటేజ్ 30ని, 8 ఓమ్‌లదే చూసి, తీసుకున్నాను. అదే సంస్థ చేసే గ్రీన్‌బ్యాక్ అనే స్పీకర్ స్వరం ఇంకా మృదువుగా ఉంటుంది, కానీ అదీ 25 వాట్లదే.

బిగించడానికి అరగంట పట్టింది. స్క్రూడ్రైవర్ జారితే కోన్ చిరుగుతుంది కాబట్టి యాంప్‌ను బోర్లా పడుకోబెట్టి పని చేయడం మేలు. నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. ఒకవైపే బిగిస్తే ఫ్రేమ్ వంగి కాయిల్ రాసుకుంటుంది. స్పీకర్ తగిలించకుండా వాల్వ్ యాంప్‌ను ఆన్ చేసి వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది, కనుక తీగలు రెండుసార్లు సరిచూసుకున్నాకే స్విచ్ వేశాను.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది దీని సెన్సిటివిటీ, అంటే అదే శక్తికి ఎంత బిగ్గరగా మోగుతుందన్న కొలత. పాతది 97 డెసిబెల్‌లు, ఇది 100. ఆ 3 డెసిబెల్‌ల తేడా యాంప్ శక్తిని రెట్టింపు చేసినదానితో సమానం కాబట్టి, ఇంతకుముందు 5 దగ్గర ఉంచిన వాల్యూమ్‌ను ఇప్పుడు 4 దాటనివ్వడం లేదు. మధ్య స్థాయి స్వరాలు నిండుగా, స్పష్టంగా వచ్చి, డ్రమ్ములూ కీబోర్డూ కలిసి మోగుతున్నప్పుడు కూడా గిటార్ విడిగా వినిపిస్తోంది. అయితే ఎగువ మధ్య స్వరాల్లో ఒక పదును ఉంది. మొదటి వారాల్లో అది చెవికి గుచ్చుకుంది, వాయించేకొద్దీ కొంత మెత్తబడింది. శుభ్రమైన, తీయని ధ్వనిని మాత్రమే కోరేవారికి దీన్ని నేను సూచించను. నేను మాత్రం ట్రెబుల్‌ను 6 నుంచి 4కు తగ్గించి, యాంప్‌ను గాయకుల వైపు కాకుండా కొంచెం పక్కకు తిప్పి పెట్టుకుని, ప్రతి ఆదివారం సంతోషంగా వాయిస్తున్నాను.