కొమ్మ చివరి నుంచి వెనక్కి: ముడి, మెకానికల్ పరికరం రెండూ వాడాక

తాడు మీద చెట్టు ఎక్కేటప్పుడు మనల్ని జారకుండా పట్టి ఉంచి, కావాలన్నప్పుడు జారనిచ్చే పని తాడుకి వేసిన ముడీ చేస్తుంది, లీవరున్న మెకానికల్ పరికరమూ చేస్తుంది. ఆ పరికరం కొనాలా, ముడితోనే నెట్టుకురావాలా అని అడిగేవాళ్లు చెట్టు ఎక్కడం గురించే అడుగుతారు. అక్కడ చెప్పుకోదగ్గ తేడా నాకు కనపడలేదు. అడ్డంగా సాగిన కొమ్మ చివర పని ముగించి కాండం వైపు తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

బ్లేక్స్ హిచ్ అనే ముడితో ఏళ్ల తరబడి ఎక్కాను. కొమ్మ చివరికి వెళ్లేటప్పుడు ముడిని కాస్త నొక్కుతూ ఉంటే తాడు వదులుతుంది, హాయి. వచ్చేటప్పుడే తంటా. అడుగడుక్కీ వదులైన తాడు లాగాలి, ముడిని పైకి తోయాలి. రెండు చేతులూ అక్కడే ఉంటే కొమ్మను దేంతో పట్టుకోను? పోనీలే అని వదులు అలాగే ఉంచితే, కాలు జారినప్పుడు ఊగుతూ వెళ్లి కాండానికి కొట్టుకోవడమే. పరికరంతో ఆ బెడద లేదు. కింద కప్పీ ఉంటుంది, ఒంటిచేత్తో తాడు తోక లాగితే చాలు, వదులంతా వచ్చేస్తుంది. ఈ ఒక్క సుఖానికే దాన్ని నెత్తిన పెట్టుకున్నాను.

తాడు కొత్తగా ఉన్నన్నాళ్లు! తర్వాత నూగు లేచింది, వానకు ఉబ్బింది, పైగా పైన్ చెట్ల బంక. ఒకసారి కొమ్మ చివర లీవరు నొక్కితే కదల్లేదు. ఇంకాస్త నొక్కితే ఒక్కసారిగా జానెడు జారి మళ్లీ బిగిసింది. చేతిలో రంపం. నడుము తాడు కొమ్మకు చుట్టి ఉంది కాబట్టి బరువు దానిమీద మోపి, వెంట ఉంచుకునే చిన్న తాడుతో పరికరానికి పైన వీటీ అనే ఇంకో రకం జారుడు ముడి వేసి, ఒంటికి కట్టుకున్న హార్నెస్‌కి తగిలించి, దాన్నే రెండు చేతులా తోసుకుంటూ వెనక్కి వచ్చాను. కంపెనీ చెప్పిన మందం తాడే అది. కొత్త తాడుకి చెప్పిన మందం పాతబడ్డాక నిలవదు. ముడికి ఆ పేచీ లేదు, పట్టు ఎక్కువైతే ఓ చుట్టు తగ్గించి కడతాం.

ముడికీ దాని జబ్బు ఉంది. వేగంగా దిగితే వేడెక్కి తాడు మెరుపు తేలుతుంది. తాళ్లలో వాడే డైనీమా అనే పీచు దాదాపు 150 డిగ్రీలకే కరుగుతుంది, పాలిస్టర్‌కి 250 దాటాలి. అందుకే నేను ముడి వేసే తాడు పైపొర అరామిడ్, అంటే వేడికి కరగని పీచు.

ఇప్పుడు వీటీ ముడి కిందే ఓ కప్పీ పెట్టి వాడుతున్నాను. పరికరం ఇచ్చిన సుఖంలో ముప్పావు వంతు ఇక్కడే దొరికింది, అంటే అందులో ఎక్కువ ఘనత ఆ కప్పీదే. పొడి చెట్టు, శుభ్రమైన తాడు అయితే ఇప్పటికీ పరికరమే తీస్తాను. నేను సన్నగా ఉంటాను, రోజూ ఎక్కను. బరువైన మనిషికి, రోజంతా చెట్ల మీదే పనిచేసేవాళ్లకి లెక్క వేరే కావచ్చు.