బ్రాస్ వాద్యాల వెంట: బ్రస్సెల్స్, డినాన్, మార్క్‌నోయ్‌కిర్షెన్

ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి, పెదవుల కంపనంతో పలికే బ్రాస్ వాద్యాల చరిత్ర కోసం యూరప్ వెళ్లాలనుకుంటే ముందు బ్రస్సెల్స్‌లో దిగండి. అక్కడి సంగీత వాద్యాల మ్యూజియం సెంట్రల్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే. 1899 నాటి ఓల్డ్ ఇంగ్లండ్ అనే దుకాణ భవనంలోకి అది 2000లో మారింది. ఇనుము, గాజుతో కట్టిన ఆ భవనాన్ని బయటి నుంచి చూడటానికే కాసేపు ఆగాలి. సోమవారం సెలవు.

లోపల ఆడియో గైడ్ తప్పకుండా తీసుకోండి. చూస్తే సగమే, వింటేనే అసలు సంగతి అర్థమవుతుంది. నొక్కితే గొట్టం పొడవు మార్చే వాల్వులు లేని పాత ట్రంపెట్ గొట్టం పొడవు మారదు. కాబట్టి అందులో అన్ని స్వరాలూ పలకవు. కింది స్థాయిలో స, ప, పై స, గ... మధ్యలో అన్నీ ఖాళీలే. పైకి వెళ్లేకొద్దీ స్వరాలు దగ్గరవుతాయి. 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ కాలపు ట్రంపెట్ వాద్యకారులు అంత హెచ్చు స్థాయిలో ఎందుకు వాయించేవారో అక్కడ తెలిసింది. ట్రాంబోన్‌కు మాత్రం ఈ బాధ 15వ శతాబ్దంలోనే తీరింది, జారే గొట్టం ఉంది కదా.

మిగతావాటికి దారి వెతకడం చాలా కాలం సాగింది. వియన్నాలో వైడింగర్ అనే ట్రంపెట్ వాద్యకారుడు గొట్టానికి రంధ్రాలు పెట్టి మీటలు బిగించాడు. స్వరకర్త హైడన్ 1796లో తన ట్రంపెట్ కన్చెర్టో (ట్రంపెట్ ముఖ్యంగా వాద్యబృందంతో వాయించే రచన) రాసింది అతని కోసమే. కానీ రంధ్రం తెరిచినప్పుడు నాదం మసకబారేది. నొక్కితే అదనపు గొట్టం కలిసే వాల్వు 1814లో జర్మన్ వాద్యకారుడు స్టోల్ట్‌సెల్ చేతిలో వచ్చింది. 1818లో మరో వాద్యకారుడు బ్లూమెల్‌తో కలిసి బెర్లిన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే బ్రాస్ వాద్యాల రూపం మారిపోయింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది శాక్సఫోన్ సృష్టికర్త అడాల్ఫ్ సాక్స్ చేసిన ట్రాంబోన్. ఆరు పిస్టన్లు (నొక్కే వాల్వులు), నాదం బయటికొచ్చే వెడల్పాటి నోళ్లు ఏడు! ఒక్కో పిస్టన్‌కు ఒక్కో గొట్టం, దాని చివర ఒక నోరు. గొట్టాలు కలపడం వల్ల వచ్చే శ్రుతి తేడా ఉండకూడదని అంత పనిచేశాడు. బరువు వల్ల ఆ పద్ధతి నిలవలేదు గానీ, ఆ ఆలోచనకు చేతులెత్తి దండం పెట్టాలి.

బస విషయానికొస్తే, స్టేషన్ దగ్గరి హోటల్ నడకకు బాగుంది, నిద్రకు కాదు. రాత్రంతా వీధి చప్పుడు. వెనకవైపు గది అడిగి తీసుకోండి.

సాక్స్ 1814లో పుట్టిన డినాన్‌కు బ్రస్సెల్స్ నుంచి నమూర్ మీదుగా రైలు ఉంది, ఒక పూటకు సరిపోతుంది. మ్యూజ్ నది వంతెన మీద రంగురంగుల పెద్ద శాక్సఫోన్లు ఉంటాయి. ‘సాక్స్ గారి ఇల్లు’ అనే పేరుతో ఉన్న ప్రదర్శన చిన్నది, టికెట్ లేదు. పాత వాద్యాలు చూడాలంటే బ్రస్సెల్సే మేలు. ఇత్తడితో చేసినా శాక్సఫోన్ బ్రాస్ కుటుంబంలోది కాదు. నాదం రీడు అనే పలుచని బద్ద నుంచి వస్తుంది, పెదవుల నుంచి కాదు.

జర్మనీలో చెక్ సరిహద్దు దగ్గర వాద్యాల తయారీకి పేరున్న మార్క్‌నోయ్‌కిర్షెన్ చేరడం కాస్త టెన్షన్. రైలు ఊళ్లోకి రాదు, ఆదోర్ఫ్‌లో దిగి బస్సెక్కాలి. బస్సు కోసం చాలాసేపు కాచుకోవాల్సి వచ్చింది, ఆదివారం అసలు పెట్టుకోవద్దు. బస మాత్రం మొత్తం ప్రయాణంలో ఇక్కడే బాగుంది. చిన్న గెస్ట్‌హౌస్, శుభ్రమైన గది, ఓపిగ్గా దారి చెప్పిన యజమానురాలు.

ఇక్కడి వాద్యాల మ్యూజియం 1883 నాటిది. మనిషికన్నా ఎత్తైన ట్యూబా (మంద్ర స్వరాలు పలికే పెద్ద బ్రాస్ వాద్యం) ఒకటి ఉంది, ఫొటోల కోసం అందరూ దాని దగ్గరే. మామూలు బాస్ ట్యూబాకు 1835లో బెర్లిన్‌లో వీప్రెష్ట్, మొరిట్స్ పేటెంట్ పొందారు. అయితే ఈ ఊరి గొప్పతనం పనివాళ్లలో ఉంది. ఇత్తడి రేకు కత్తిరించి, అతుకు వేసి, సుత్తితో కొట్టి నోరు తయారుచేస్తారు. గొట్టం వంచేటప్పుడు నలగకుండా లోపల తారులాంటి పదార్థం నింపుతారు. ఆ పని చూడాలంటే వర్క్‌షాప్‌కు ముందే రాసి అనుమతి అడగండి. చెప్పకుండా వెళ్తే తలుపు తీయకపోవచ్చు, వాళ్ల పని వాళ్లది. వారం మధ్యలో వెళ్తే కుదిరే అవకాశం ఎక్కువ.