చలికాలంలో ఎనభై మలుపులు: ఒక విశ్వవిద్యాలయ ఇండోర్ ట్రాక్‌పై సమీక్ష

డెట్రాయిట్ చుట్టుపక్కల నివసించే తెలుగువారిలో పరుగు అలవాటున్న ప్రతి ఒక్కరికీ డిసెంబరు నుంచి మార్చి దాకా ఒకటే బెంగ. మంచు గడ్డకట్టిన కాలిబాటల మీద పరుగెత్తలేము, ట్రెడ్‌మిల్ మీద అరగంట దాటితే మనసు నిలవదు. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయ వ్యాయామ కేంద్రం బయటివారికి కూడా రోజువారీ టికెట్టు మీద ప్రవేశం ఇస్తోందని తెలిసినప్పుడు, అక్కడి 200 మీటర్ల ఇండోర్ ట్రాక్‌ను ఏదో నాలుగు చుట్లు తిరిగి కాక, దాని మంచిచెడ్డలన్నీ బయటపెట్టగల ఒక కసరత్తుతోనే పరీక్షించాలని నిశ్చయించుకున్నాను.

ఆ కసరత్తు పేరు కూడా ఈ రాష్ట్రం పేరే. దూరపు పరుగుల వాళ్లు ‘ది మిషిగన్’ అని పిలిచే ఈ పద్ధతి, యాన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1974లో క్రాస్‌కంట్రీ శిక్షకుడిగా బాధ్యతలు చేపట్టిన రాన్ వార్‌హర్స్ట్ జట్ల నుంచి వచ్చింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ 1500 మీటర్లలో రజతం, 2016 రియోలో కాంస్యం దక్కించుకున్న న్యూజీలాండ్ ఆటగాడు నిక్ విల్లిస్ ఆయన శిష్యుడే. ట్రాక్ మీద 1600, 1200, 800, 400 మీటర్లు వేగంగా పరుగెత్తాలి. ఒక్కో దాని మధ్య విశ్రాంతికి బదులు ట్రాక్ వదిలి రోడ్డెక్కి, దాదాపు ఒక మైలు చొప్పున మధ్యస్థమైన, కానీ ఏమాత్రం సుఖం లేని వేగంతో సాగాలి. వివరాలు జట్టును బట్టి మారుతుంటాయి. అలసిన కాళ్లతో వేగం మార్చడం నేర్పడమే దీని ఉద్దేశం. చలికాలంలో దీన్ని కప్పు కింద చేయాలంటే రోడ్డు భాగాన్ని కూడా ట్రాక్ మీదికే తెచ్చుకోవాలి, అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

లెక్క చూడండి. వేగపు పరుగులు నాలుగూ కలిపి 4000 మీటర్లు, అంటే మొదటి లేన్‌లో 20 చుట్లు. మధ్యలో వచ్చే మూడు మైళ్లకు నేను నాలుగో లేన్‌కు జరిగాను. అక్కడ ఒక చుట్టు సుమారు 218 మీటర్లు అవుతుంది కాబట్టి మైలుకు ఏడున్నర చుట్లకు కొంచెం తక్కువ, మూడింటికీ కలిపి ఇరవైరెండు. మొత్తం నలభైరెండు చుట్లు, ఎనభైకి పైగా మలుపులు, అన్నీ ఎడమవైపే. ఆరుబయటి 400 మీటర్ల ట్రాక్‌లో మలుపు వ్యాసార్థం 36.5 మీటర్లయితే 200 మీటర్ల ట్రాక్‌లో అది సుమారు సగమే, కనుక అదే వేగానికి శరీరాన్ని పక్కకు నెట్టే బలం రెట్టింపవుతుంది. పోటీల కోసం కట్టిన ఇండోర్ ట్రాక్‌లలో చాలావాటికి మలుపులను వాలుగా ఎత్తు చేసేది ఇందుకే. ఇక్కడిది చదునైన ట్రాక్. అమెరికా కళాశాలల పోటీల్లో అర్హత సమయాలను లెక్కించేటప్పుడు చదును ట్రాక్‌కూ వాలు ట్రాక్‌కూ తేడా సరిచేస్తారంటే, అది వట్టి సాకు కాదని తెలుస్తుంది. నా మట్టుకు నాకు 1200 ముగిసేసరికి ఎడమ చీలమండ బయటి అంచు, కుడి తుంటి రెండూ ఫిర్యాదు చేయడం మొదలుపెట్టాయి.

ట్రాక్ ఉపరితలం మాత్రం నిస్సందేహంగా మెచ్చుకోదగినది. రబ్బరు పొర మెత్తగానూ లేదు, కాంక్రీటులా ఎదురుతన్నడమూ లేదు. అతుకుల దగ్గర కూడా ఎక్కడా పైకి లేవలేదు. వేడి చేసిన గాలి విషయం అలా కాదు. బయట సున్నాకు పది డిగ్రీలు కింద ఉన్న రోజున లోపలి గాలిలో తేమ చాలా తక్కువగా ఉంటుంది. అంత ఎగశ్వాసతో గంటసేపు ఆ గాలి పీల్చిన తరువాత మొదలయ్యే పొడిదగ్గు రాత్రి భోజనం దాకా వదలలేదు. ఇది ఈ కేంద్రం తప్పు కాదు, చలికాలపు ఇండోర్ ట్రాక్‌లన్నింటికీ ఉన్న జబ్బే. కానీ దగ్గరలో ఒకే ఒక్క మంచినీటి కుళాయి ఉండి, దానికీ బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లతో వరుసలో నిలబడవలసి రావడం మాత్రం నిర్వాహకులు సవరించదగిన లోపం.

అంతకన్నా పెద్ద లోపం గడియారం. కప్పు కింద జీపీఎస్ పనిచేయదు, చేతి గడియారం ఊహించే దూరం మైలుకు వంద మీటర్లు అటూ ఇటూ పోతోంది. అలాంటి చోట ట్రాక్ పక్కన సెకన్లు చూపే పెద్ద గడియారం తప్పనిసరి. ఇక్కడ ఉన్నది గంటలూ నిమిషాలే చూపిస్తుంది. నాతో వచ్చిన మా పిన్ని కొడుకు కళాశాల జట్టులో పరుగెత్తినవాడు కాబట్టి నన్ను ముందే హెచ్చరించాడు: “అన్నయ్యా, నాలుగో చుట్టు దాటాక లెక్క నీకు గుర్తుండదు, నాణేలు పట్టుకో.” ఎనిమిది నాణేలు ఎడమచేతిలో పెట్టుకుని చుట్టుకొకటి కుడిచేతికి మార్చుకున్నాను. నవ్వుకునే ఉపాయమే, కానీ 1600లో అదే నన్ను కాపాడింది. మూడో మైలులో మాత్రం నాణేలు కూడా కలగాపులగమైపోయి, బహుశా ఒక చుట్టు ఎక్కువే పరుగెత్తాను.

రద్దీ సంగతి. లోపలి అంచున గట్టు లేదు, గీత మాత్రమే ఉంది, అందువల్ల కబుర్లాడుతూ నడిచేవారు తెలియకుండానే మొదటి లేన్‌లోకి వచ్చేస్తారు. నడిచేవారు బయటి లేన్లలో ఉండాలని బోర్డు ఉన్నా దాన్ని చెప్పేవారెవరూ లేరు. సాయంత్రం ఆరు దాటాక ఈ కసరత్తు ఇక్కడ అసాధ్యమనే చెప్పాలి. ఉదయం ఏడు లోపు వెళ్లిన రెండోసారి ట్రాక్ మీద మేము కాక మరో ఇద్దరే ఉన్నారు.

రోజు మార్చి రోజు దిశ మార్చే నియమం ఇక్కడ ఉండటం నాకు బాగా నచ్చింది. సవ్యదిశ రోజున వెళ్తే ఎడమ చీలమండకు ఊరట దొరుకుతుంది, కాకపోతే అప్పుడు కుడిది అందుకుంటుంది. వరుసగా రెండు వారాలు చేసేవారు ఒక వారం ఈ దిశ, మరో వారం ఆ దిశ వచ్చేలా రోజులు ఎంచుకోవడం మంచిది. ఐదు, పది కిలోమీటర్ల పరుగులకు సిద్ధమయ్యేవారికి టికెట్టు డబ్బు దండగ కాదు. మోకాళ్ల నొప్పి ఉన్నవారు మాత్రం 1600, 800లతో ఆపి, మిగతాది మంచు కరిగాక రోడ్డుకే వదిలేయాలి.