ఉస్మాన్‌గంజ్ టార్పాలిన్ షాపు: పదకొండేళ్ల కస్టమర్ మాట

హైదరాబాద్‌లోని ఈ షాపుకు లారీల వాళ్లు టార్పాలిన్లకు వస్తారు, రైతులు వడ్ల మీద కప్పే పట్టాలకు వస్తారు. నేను ఆకులు పట్టే వలలు కుట్టించుకోడానికి వెళ్తాను.

నా ఉద్యోగం రాలిన ఆకుల లెక్క. అమ్రాబాద్ అడవిలో చెట్ల కింద మీటరు పొడవు, మీటరు వెడల్పు వలలు కడతాం. పదిహేను రోజులకోసారి వాటిలో పడిందంతా సంచుల్లోకి ఎత్తి సిటీకి తెస్తాం. ఆకులు, పుల్లలు, పూలు, కాయలు వేరు చేసి, ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఆరబెట్టి తూస్తాం. ఎండిన ఆకు బరువులో దాదాపు సగం కార్బన్. చెట్టు గాలిలోంచి తీసుకున్న కార్బన్‌లో ఏటా ఎంత నేలకు దిగుతోంది, వానలు అటూ ఇటూ అయిన ఏడాది ఆకురాలు కాలం ఎటు జరిగింది అని ఆ తూకాన్నే అడగాలి. వల కుట్టు ఊడితే ఆకు కింద పడి చెదల పాలవుతుంది. కాగితం మీద మాత్రం ఆ చెట్టు ఆ నెల ఆకే రాల్చనట్టు ఉంటుంది.

ఇది నాకు డబ్బు పోయాక తెలిసింది. మొదటి ఏడాది ఇంటి దగ్గర ఒక టైలర్‌కిచ్చాను. కాటన్ దారంతో కుట్టాడు. జూన్‌లో కట్టిన 60 వలల్లో అక్టోబరుకల్లా 22 పోయాయి. "మేడమ్, వలలకు అడుగులు లేవు" అని అడవిలోంచి మా చెంచు అసిస్టెంట్ ఫోన్ చేశాడు.

అప్పుడు ఎవరో చెబితే ఇక్కడికొచ్చాను. కుట్టుమిషను ముందు కూర్చున్న పెద్దాయన "ఏం పట్టాలె, చేపలా?" అన్నారు. ఆకులన్నాను. నవ్వుతారనుకున్నాను. "ఎంత ఆకు?" అని అడిగారు.

నా ప్రాజెక్టుకు డబ్బులిచ్చే కమిటీలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. టేకు ఆకు విస్తరంత ఉంటుంది, ఏ వలలోనైనా ఆగుతుంది. సండ్ర చెట్టు రెబ్బలు బియ్యపు నూకంత ఉంటాయి, ఉసిరివి కాస్త నయం. నోట్‌బుక్‌లో ఎండబెట్టి ఉంచిన సండ్ర కొమ్మ చూపించాను. ఆయన దాన్ని అరచేతిలో నలిపి, మూడు రకాల నెట్ ముక్కలు తెప్పించి, ఒక్కోదాని మీద ఆ పొడి పోసి జల్లించారు. మొదటి దాంట్లోంచి సగం జారిపోయింది. మూడోదాంట్లో ఒక్కటీ జారలేదు గానీ, గ్లాసుడు నీళ్లు పోస్తే మడుగు కట్టింది. అడవిలో అలా నిలిస్తే ఆకు వలలోనే కుళ్లి బరువు తగ్గుతుంది. మధ్యది తీసుకున్నాం. నర్సరీల వాళ్లు పురుగులు రాకుండా కట్టేది అది. నైలాన్ దారం, రెండు వరసల కుట్టు, నోటి అంచుకు టార్పాలిన్ పట్టీ. కొండముచ్చులు వాటిలో ఊయలలూగినా చాలా వలలు మూడు వానాకాలాలు నిలబడ్డాయి.

ఇక లోపాలు. చెప్పిన రోజుకు ఎప్పుడూ ఇవ్వరు. "కల్ పక్కా మేడమ్" అంటే కనీసం నాలుగు రోజులు. అడిగితే తప్ప పక్కా బిల్లు రాయరు, రాసినా 'నెట్ ఐటమ్స్' అని రాస్తారు. దాంతో మా అకౌంట్స్ వాళ్లు ఇది ఇంటర్నెట్ ఖర్చా అని ఫైలు వెనక్కి పంపారు. పార్కింగ్ ఊసెత్తొద్దు. ఎంజీబీఎస్ దాకా మెట్రోలో వచ్చి ఆటో ఎక్కండి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఆయన మంచితనం. ఒకసారి ఇనుప ఫ్రేములు కూడా చేయించి పెట్టమన్నాను. ఒక్కో భుజం నాలుగు అంగుళాలు పెంచి చేయించారు. పాత కస్టమర్‌నని, ఫ్రీగా. "పెద్దగుంటే ఎక్కువ ఆకులు పడ్తయ్ గద మేడమ్!" పడతాయి. భుజం మీటరు నుంచి 1.1 మీటర్లయితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. ఆ బ్యాచ్ తూకాలన్నిటినీ ఇప్పటికీ 1.21తో భాగిస్తున్నాం.

అయినా నేను షాపు మార్చలేదు. మా ప్రాజెక్టులు మూడేళ్లవి. ఒక చోటి వాతావరణం ఇదీ అని చెప్పడానికి శాస్త్రం తీసుకునే సగటు మాత్రం 30 ఏళ్లది. మధ్యలో డబ్బు ఆగడం మామూలే. గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను హవాయిలోని మౌనా లోవా మీద 1958 నుంచి కొలుస్తున్నారు. కీలింగ్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిన ఆ కొలతల గ్రాఫులోనే 1964లో నిధుల కోత వల్ల కొన్ని నెలల ఖాళీ ఉంది. మాకూ ఒక ఏడాది కొత్త వలలకు పైసా లేదు. పాతవి మూటగట్టి తెస్తే ఈయన మాసికలు వేసి, డబ్బు వచ్చినప్పుడే ఇమ్మన్నారు. తొమ్మిది నెలలకు ఇచ్చాను. ఆ వానాకాలం లెక్క నా దగ్గరుంది.

కుట్టుకూలి వలకు 180. వానలకు ముందు టార్పాలిన్ల రద్దీ మొదలవుతుంది కాబట్టి ఏప్రిల్‌లోనే ఆర్డరివ్వండి. పదకొండుకు ముందు షట్టర్ లేవదు. కొలతలు సెంటీమీటర్లలో కాగితం మీద రాసివ్వండి. కింద 'ఎక్కువ వద్దు' అని కూడా రాయండి.