మిస్ మార్పులా, గురువారం గ్యాంగా? ముసలాళ్ళ డిటెక్టివ్ నవలల్లో ఏది ముందు చదవాలి?

ఒక మంగళవారం రాత్రి కొంతమంది ఒక గదిలో చేరతారు. తలా ఒక తేలని కేసు చెప్పాలి, మిగతావాళ్ళు దాన్ని విప్పాలి, అదీ ఆట. జాయిస్ అనే అమ్మాయి వేళ్ళు మడిచి లెక్కపెట్టి, ఐదుగురమే ఉన్నాం, ఆరో మనిషి ఉంటే బావుండేది అంటుంది. పక్కనే ఊలు అల్లుకుంటున్న ముసలావిడ, నన్ను మర్చిపోయావమ్మా అని మెల్లగా అంటుంది. తమాషా ఏంటంటే ఆ ఇల్లు ఆవిడదే. సొంతింట్లో కూడా లెక్కలోకి రాని ఆ ముసలావిడే మిస్ మార్పుల్, అగాథా క్రిస్టీ 1927లో రాసిన కథ అది, అందరి కేసులూ చివరికి తేల్చేది కూడా ఆవిడే.

తర్వాత 93 ఏళ్ళకి, 2020లో, రిచర్డ్ ఆస్మన్ అనే టీవీ ఆయన ది థర్స్‌డే మర్డర్ క్లబ్ అని ఒక నవల రాశాడు. ఈసారి గురువారం. కెంట్‌లో కూపర్స్ చేజ్ అనే రిటైర్మెంట్ విలేజ్, అక్కడ జిగ్సా రూమ్‌లో డెబ్భై దాటిన నలుగురు పాత పోలీసు ఫైళ్ళు ముందేసుకుని కూర్చుంటారు. ఎవరూ తొంగిచూడకుండా రూమ్‌ని జపనీస్ ఒపెరా మీద చర్చ అని బుక్ చేసుకుంటారు, ఆ పేరు చూసి లోపలికొచ్చే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి. ఇందులోనూ ఒక జాయిస్ ఉంది, కాకపోతే ఈ జాయిస్ రిటైరైన నర్సు, ఈవిడే ముసలావిడ.

నేను ఈ రెండిటినీ దాదాపు ఒకదాని వెంట ఒకటి చదివా. ఫ్రెండ్స్ సర్కిల్లో ముసలాళ్ళు డిటెక్టివ్‌లుగా ఉండే మంచి నవల చెప్పు అని ఎవరడిగినా ఈ రెండే నోటికొస్తాయి, వెంటనే ఏది ముందు అనే గొడవ మొదలవుతుంది. అందుకే నా లెక్క ఇక్కడ రాసిపెడుతున్నా, హంతకులెవరో మాత్రం చెప్పను.

పోలికకి మార్పుల్ వైపు నుంచి ఆవిడ మొదటి నవల ది మర్డర్ ఎట్ ది వికరేజ్ (1930) తీసుకుందాం. అటు ది థర్స్‌డే మర్డర్ క్లబ్. రెండూ కోజీ మిస్టరీలే, అంటే హత్య ఉంటుంది గానీ రక్తం మన మొహాన చిమ్మదు, చదివాక లైటేసుకుని పడుకోవాల్సిన పని లేదు, టీ కప్పులు చాలా ఉంటాయి.

వికరేజ్ అంటే ఊరి చర్చి ఫాదర్ (వికార్) ఉండే ఇల్లు, ఈ కథ చెప్పేది ఆ ఫాదరే. పేరు లెనర్డ్ క్లెమెంట్. మొదటి చాప్టర్లోనే భోజనాల దగ్గర మాంసం కోస్తూ, ఆ కల్నల్ ప్రొథరోని ఎవరైనా చంపితే లోకానికి మేలు చేసినట్టే అని నోరు జారతాడు. తర్వాత అదే కల్నల్ ఈయన స్టడీ రూమ్‌లోనే శవమై తేలతాడు. నోటి దురుసుకి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది. మార్పుల్ ఇల్లు పక్కదే, ఆవిడకి తోట పని, పక్షుల్ని చూడ్డానికని బైనాక్యులర్స్, ఇంకేం కావాలి. ఫాదర్ గారి భార్య గ్రిసెల్డా అయితే ఆవిడని ఊళ్ళో చాడీల పిల్లులన్నిట్లోకీ చెడ్డ పిల్లి అంటుంది. సినిమాల్లో చూసిన తియ్యటి బామ్మ అనుకుని ఈ నవల తీస్తే కాస్త షాకే, ఇందులో ఆవిడ నాలుక పదును. కల్నల్ పోతే సంతోషించేవాళ్ళు కనీసం ఏడుగురు కనిపిస్తున్నారు నాకు అని తాపీగా చెబుతుంది.

ఈ నవల్లో నాకు బాగా నచ్చిన విషయం ఒక గడియారం. ఫాదర్ గారికి ఎక్కడికైనా లేటుగా వెళ్ళే అలవాటు, అందుకని స్టడీలో గడియారాన్ని పావుగంట ముందుకి పెట్టుకున్నారు, మనలో చాలామంది చేసే పనే. హత్య టైమ్‌లో ఆ గడియారం పడి ఆరు ఇరవై రెండుకి ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ స్లాక్ వచ్చి అదే హత్య జరిగిన టైమ్ అని రాసేసుకుంటాడు. ఫాదర్ గారు పాపం, అయ్యా ఆ గడియారం ఫాస్టు అని చెప్పబోతే, మీరాగండి, నా పని నాకు తెలుసు అన్నట్టు నోరు మూయిస్తాడు, ఒకసారి కాదు. చదివే మనకి నిజం తెలుసు, పోలీసుకి తెలీదు, తెలుసుకోడు. క్రిస్టీ చేతివాటం అక్కడుంది, క్లూని దాచదు, మన ముందే పెట్టి పైగా దాని మీద నవ్విస్తుంది, మనం నవ్వుతుంటే అసలు క్లూ పక్కనుంచి వెళ్ళిపోతుంది.

మార్పుల్ పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. ఆవిడకి వేలిముద్రలూ ల్యాబులూ ఏమీ లేవు. ఫలానా మనిషిని చూస్తే మా ఊళ్ళో ఫలానా పనమ్మాయి గుర్తొచ్చింది, ఆ పిల్ల కూడా ఇలాగే కళ్ళలోకి చూసి అబద్ధం ఆడేది అంటుంది, అంతే. వినేవాళ్ళకి అది ముసలమ్మ ముచ్చట, ఆవిడకి అది రికార్డు రూమ్. అరవై డెబ్భై ఏళ్ళు ఒకే ఊరిని కిటికీలోంచి చూసిన మనిషికి కొత్త మనుషులంటూ ఎవరూ ఉండరు, అందరూ పాతవాళ్ళ నకళ్ళే. అంటే ఆవిడ వయసే ఆవిడ ఆయుధం. పాతికేళ్ళ పిల్ల ఈ కేసు తేల్చలేదు, తెలివి లేక కాదు, అన్ని మొహాలు చూసి ఉండదు కాబట్టి.

ఇప్పుడు గురువారం గ్యాంగ్ దగ్గరికొస్తే లెక్క మారుతుంది. ఎలిజబెత్ బ్రిటిష్ గూఢచారి సంస్థలో పనిచేసి వచ్చింది, రాన్ యూనియన్ లీడర్, ఇబ్రహీం సైకియాట్రిస్ట్, జాయిస్ నర్సు. అంటే ఎవరి సబ్జెక్ట్ వాళ్ళకుంది, ముసలాళ్ళు కాబట్టి కాదు, ఒకప్పుడు నిపుణులు కాబట్టి కేసు కదులుతుంది. ఎలిజబెత్‌కి ఏదైనా కావాలంటే పాత పరిచయం ఎవరికో ఒక ఫోన్ కొడుతుంది, మర్నాటికి కాగితం చేతిలో ఉంటుంది. మొదటిసారి భలే అనిపిస్తుంది, మూడోసారికి ఇదేంటమ్మా, మాకు లేని ఫోన్ నంబర్ నీకుంటే మేమెలా పోటీ పడాలి అనిపిస్తుంది. మార్పుల్‌కి తెలిసిందంతా దాదాపు మనకీ తెలుసు, ఎలిజబెత్‌కి తెలిసింది ఆవిడ చెప్పినప్పుడే తెలుస్తుంది. పజిల్ విప్పడం కోసం చదివేవాళ్ళకి ఇది పెద్ద తేడా. పైగా ఇందులో చావులు ఒకటి కాదు, పాతవీ కొత్తవీ కలిసిపోయి చివరి వంద పేజీల్లో ముడులన్నీ ఒకేసారి విప్పుతుంటే ఎవరిది ఏ ముడో నేను వెనక్కి తిప్పి చూసుకోవాల్సొచ్చింది. పోలీసులు కూడా మరీ మెత్తన, డొనా అనే కానిస్టేబుల్ని కేసులోకి లాగడానికి ఎలిజబెత్, జాయిస్ స్టేషన్‌కి పోయి బ్యాగ్ దొంగతనం అని ఒక కట్టుకథ చెబుతారు, ఆ సీన్ నవ్వొస్తుంది గానీ నమ్మకం రాదు.

మరి పజిల్ ఇంత వదులుగా ఉంటే ఎందుకు చదవాలి అంటే, ఒక చిన్న సంగతి చెబుతా. ఎలిజబెత్ తన డైరీలో రెండు వారాల తర్వాతి తేదీ పేజీ తీసి తనకి తానే ఒక ప్రశ్న రాసుకుంటుంది, పక్కింటామె కొత్త కారు నంబర్ ఏంటి లాంటిది. ఆ రోజు వచ్చాక జవాబు గుర్తుంటే సరే. గుర్తు లేకపోతే? ఆవిడ భర్త స్టీఫెన్‌కి మతిమరుపు జబ్బు మొదలైంది, ఇంట్లో రోజూ చూస్తోంది, అందుకే తన బుర్రకి తనే పరీక్ష పెట్టుకుంటోంది. ఎంతమంది హంతకుల్ని భయపెట్టిన మనిషో, ఆవిడ భయం మాత్రం ఆ ఒక్క పేజీ. హత్య సీన్లన్నీ మర్చిపోయా గానీ నాకు ఇది మాత్రం పోవట్లేదు. అలాగే పెన్నీ. క్లబ్ పెట్టిందే ఈ రిటైర్డ్ పోలీసావిడ, ఆ పాత ఫైళ్ళూ ఆవిడవే. ఇప్పుడు స్పృహ లేకుండా మంచం మీదుంటే, ఎలిజబెత్ రోజూ పక్కన కూర్చుని కేసు ఎందాకా వచ్చిందో చెబుతుంటుంది, వింటోందో లేదో ఎవరికీ తెలీదు.

మార్పుల్ కథల్లో ఇలాంటిది నాకు కనిపించలేదు. ఆవిడకి కీళ్ళనొప్పులుంటాయి, తర్వాతి నవలల్లో డాక్టరు తోట పని వద్దంటాడు, కానీ ఆవిడ చావు గురించి మనం ఒక్క క్షణం కూడా బెంగపడం. ముసలితనం అక్కడ పనిముట్టు, ఇక్కడ అదే అసలు కథ, హత్య దానికి సాకు. నా గోల అంతా ఈ ఒక్క తేడా గురించే.

ఇంకో తేడా, దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. మార్పుల్ నవలల్లో చాలావాటి కాలంలో ఇంగ్లండ్‌లో హత్యకి ఉరి ఉంది, 1965లో గానీ ఆగలేదు. కాబట్టి ఆవిడ అల్లికల మధ్యలోంచి తలెత్తి ఫలానావాళ్ళు అని చెప్పిందంటే ఆ మనిషి మెడకి తాడు పడ్డట్టే, అది ఆవిడకీ తెలుసు, అయినా చెయ్యి వణకదు. మెత్తటి ఊలు షాల్ కింద అంత గట్టి మనిషి. గురువారం గ్యాంగ్ అలా కాదు, ఎవరి మీద జాలి చూపాలి, ఏది చూసీ చూడనట్టు వదిలెయ్యాలి అని వాళ్ళలో వాళ్ళు తేల్చుకుంటారు. కొన్ని చోట్ల నాకు అది కరెక్టే అనిపించింది, ఒక చోట మాత్రం మీరెవరండీ తేల్చడానికి అనిపించింది. చదివాక ఏ చోటో మీకే తెలుస్తుంది.

చదవడానికి ఏది ఈజీ అంటే గురువారమే, డౌట్ లేదు. చిన్న చిన్న చాప్టర్లు, మధ్యమధ్యలో జాయిస్ డైరీ. ఈ డైరీ కోసమైనా చదవచ్చు, హత్య గురించి మొదలుపెట్టి కూతురి గురించి, కేక్ గురించి ఎక్కడెక్కడో తిరిగి, అన్నట్టు శవం సంగతి చెప్పలేదు కదూ అన్నట్టు వెనక్కొస్తుంది. మాటల మధ్యలో ఆవిడ దులిపేసే సంగతుల్లోనే క్లూలు ఉంటాయి, అమాయకంగా కనిపిస్తుంది గానీ నలుగురిలో నా ఓటు ఆవిడకే. కష్టం ఏంటంటే బ్రిటిష్ టీవీ షోలు, సూపర్ మార్కెట్లు పేరు పెట్టి వేసే జోకులు, అవి సగం తలపైనుంచి పోతాయి. వికరేజ్‌లో ఇబ్బంది వేరే, వికార్, ఆయన కింద పనిచేసే క్యూరేట్, చర్చి చందాల లెక్కలు, టీకి వచ్చే ముసలావిడలు నలుగురు, మొదటి యాభై పేజీలు ఎవరెవరో తేలడానికే సరిపోతుంది. ఒక కాగితం మీద పేర్లు రాసుకోండి, సిగ్గేం లేదు, నేనూ రాసుకున్నా.

అయితే ఏది మేలు? హంతకుణ్ణి ముందే పట్టేద్దామని పోటీకి కూర్చునేవాళ్ళయితే మార్పుల్, రెండో మాట లేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈవిడ పట్టేది ఎక్కువగా ఇంటి దొంగల్నే. కానీ వికరేజ్‌తోనే మొదలుపెట్టక్కర్లేదు, అది మొదటి నవల కాబట్టి ముందు చదవాలనే రూల్ ఏం లేదు, మొత్తం పన్నెండు నవలల్లో ఏది ఎప్పుడు చదివినా నడుస్తుంది. నేనైతే ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్ (1950) చేతిలో పెడతా. ఊరి పేపర్లో ప్రకటన వస్తుంది, ఫలానా శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి ఫలానా ఇంట్లో హత్య జరుగును, మిత్రులందరూ రాగలరు అన్నట్టు, ఊరంతా ఏదో ఆట అనుకుని టైమ్‌కి వచ్చేస్తారు. యుద్ధం అయిపోయి రేషన్ కార్డుల కాలం, పక్కింట్లో దిగినవాళ్ళు నిజంగా ఎవరో ఎవరికీ తెలీదు, ఏ పుట్టలో ఏ పాముందో అన్నట్టుంటుంది వ్యవహారం. వికరేజ్ కన్నా ఇది అన్ని రకాలా మెరుగు అని నా అభిప్రాయం. టైమ్ లేదంటే ఆ మంగళవారం కథలు, ది థర్టీన్ ప్రాబ్లమ్స్ అని 1932లో పుస్తకంగా వచ్చాయి, ఒక్కోటీ ఒక పూట.

అలా కాకుండా కొంతమంది మనుషులతో నాలుగు రోజులు గడపాలి, నవ్వాలి, మధ్యలో గొంతులో ఏదో అడ్డం పడాలి అనుకుంటే గురువారం. ఇంట్లో పెద్దవాళ్ళకి కొనిచ్చేముందు మాత్రం ఒకసారి ఆలోచించండి, హాయిగా ఉంటుంది కదా అని ఇస్తాం గానీ మతిమరుపు, తోడు పోవడం, మందులు, ఇవన్నీ లోపల గట్టిగానే ఉన్నాయి. ఈ సిరీస్ మాత్రం వరసలోనే చదవాలి, రెండోది 2021, మూడోది 2022, నాలుగోది 2023. నాలుగోది ముందు చదివారా, స్టీఫెన్ సంగతి మొత్తం తెలిసిపోయి వెనకటివన్నీ చప్పబడతాయి. 2025లో నెట్‌ఫ్లిక్స్ సినిమా కూడా వచ్చింది, హెలెన్ మిరెన్ ఎలిజబెత్‌గా వేసింది, సినిమా చూశాం కదా అని పుస్తకం మానకండి, డైరీ మజా పేజీలోనే.

రెండూ కొంటాం అనేవాళ్ళు ముందు గురువారం, తర్వాత మార్పుల్ చదవండి, తిప్పి చదివితే ఎలిజబెత్ ఫోన్లు ఇంకా ఎక్కువ చిరాకు పెడతాయి. ఇంకోటి, ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్ ఆడియోలో వినకండి, ఇంగ్లీషు అచ్చులోనే చదవండి. ఒక క్లూ స్పెల్లింగ్‌లో ఉంది, చెవికి దొరకదు. నేను రెండోసారి చదివినప్పుడు గానీ పట్టుకోలేదు.